రెండో ముక్క

మా అమ్మ పలకరింపు నోటితో మొదలవదు. ఎవరు ఇంటికొచ్చినా కూర్చోబెట్టి, వంగి, చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది. వేలు తీశాక అక్కడ గుంట పడిందా, పడితే ఎంతసేపటికి పూడింది అన్నది చూసుకుని, అప్పుడు "ఏటే, బాగున్నావా?" అంటుంది. ఉద్దానంలో సముద్రం ఒడ్డునున్న మా పల్లెల్లో ఇది ఒక్క మా అమ్మ అలవాటే కాదు. కొబ్బరితోటలు చూసి మురిసిపోయి, రెండు బొండాలు తాగి వెళ్ళిపోయేవాళ్ళకి ఇది తెలియదు. కాళ్ళల్లోకి నీరు దిగిందంటే మాకు కిడ్నీ జబ్బని అర్థం. ఆ మాట పడ్డాక ఇంక ఆ మనిషి గురించి మాట్లాడేటప్పుడు అందరి గొంతూ తగ్గిపోతుంది.

నాకు ఆపరేషనయిన కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున్న అమ్మ నా కాలి మీద నొక్కింది. గుంట పడింది. పూడలేదు.

అప్పటికి చేపల బుట్ట చంకన పెట్టుకుని రేవుకి బయల్దేరబోతోంది. బుట్ట కింద పెట్టి రెండో కాలు కూడా నొక్కింది. అక్కడా అంతే.  లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తీసి, పీట వేసుకుని అటక మీద పెట్టేసింది.  మా నాన్న చావు కూడా మా ఇంట్లో ఆ డబ్బా అటకెక్కడంతోనే మొదలైంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. నేను లావుగా ఉండేదాన్ని. మర్యాదస్తులు బొద్దుగా అనేవారు. పలాస స్టేషను బయట ఆటోవాడు నేనెక్కగానే "ఫుల్లయిపోయింది, పోదాం" అని బండి తీసేవాడు. నిజం చెప్పొద్దూ, జనం కోసం ఎదురుచూడక్కర్లేదని నాకు అది హాయిగానే ఉండేది. చేపలమ్ముకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, టెక్కలిలో ఆఫీసు ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. ఆ పొగరు ముందు లావు ఒక లెక్కా? మా ఆయన మా మేనమామ కొడుకే, చిన్నప్పట్నుంచీ బావా అనే పిలుస్తాను. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. సాయంత్రం సంచిలో జీడిబద్దలు తెస్తే, నెయ్యిలో వేయించి ఉప్పూ కారం చల్లుకుని ఇద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. అతను తిన్నది ఎక్కడికి పోయేదో దేవుడికెరుక. నేను తిన్నది మాత్రం ఎక్కడికీ పోలేదు.

తర్వాత షుగరొచ్చింది. మోకాళ్ళు మాట వినడం మానేశాయి. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని బావ నన్ను తట్టి లేపేవాడు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, ఇలాగే ఉంటే పదేళ్ళలో ఏమేం పోతాయో వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పాడు. కడుపు చిన్నది చేసే ఆపరేషనొకటి ఉందన్నాడు. అమ్మకి చెప్తే ముక్కున వేలేసుకుంది.

"నోరు కట్టుకోడానికి కోతెందుకే గుంటా? నోరు మూసుకుంటే సాలదా?"

"నీ నోరు నువ్వు మూసుకో ముందు" అన్నాను. మా తల్లీకూతుళ్ళ ప్రేమ ఇలాగే ఉంటుంది.

ఆపరేషనయింది. సంచిలాంటి కడుపుని కోసేసి అరటిపండంత గొట్టాన్ని మిగిల్చారు. ఇంటికి పంపేముందు తిండి సంగతులు చెప్పే మేడమొకావిడ వచ్చి మంచం పక్కన కూర్చుంది. సన్నగా, నవ్వంటే తెలియనట్టు ఉండేది. "ఆపరేషన్ అయిపోయిందనుకోకండి, మొదలయింది. మేం కడుపు చిన్నది చేశాం, అంతే. అందులో ఏం వేస్తారన్నది జన్మంతా మీ చేతిలోనే ఉంటుంది" అంది. ముందు కొన్నాళ్ళు ద్రవాలు, తర్వాత మెత్తటివి, తర్వాత మామూలు తిండి. మామూలు తిండిలోకి వచ్చాక కంచంలో ముందు గుడ్డో, చేపో, గట్టి పప్పో, పెరుగో తినాలి. తర్వాత కూర. ఇంకా చోటుంటే అన్నం. తిండి మధ్యలో నీళ్ళు తాగకూడదు. మెల్లగా, పిండయ్యేదాకా నమలాలి. విటమిన్ మాత్రలు బతికున్నన్నాళ్ళూ మానకూడదు.

"అన్నం ఆఖర్నా? పెళ్ళికొడుకుని ఆఖర్న భోజనానికి పిలిచినట్టుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గంజి, జావ, కొబ్బరినీళ్ళు, ఇలా జారిపోయేవాటితో కడుపు నింపుకోకండి. కడుపు నిండుతుంది, ఒళ్ళు ఎండుతుంది."

మొదటి వారాలు పలాసలో బావ చూసుకున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి జీడి గింజలు లారీలకి లారీలు దిగడం మొదలై, అతనికి ఇంటికొచ్చే తీరికే లేకపోయింది. అమ్మ వచ్చి, "పొట్ట మీద కోత పడ్డ మనిషిని ఒక్కర్తినీ ఒగ్గీడమేటి?" అని మా ఇద్దర్నీ తిట్టి, నన్ను బారువ దగ్గరున్న మా పల్లెకి తీసుకుపోయింది. సెలవు పెట్టాను. మెత్తటి తిండి పోయి మామూలు తిండి మొదలవ్వాల్సిన రోజులవి.

అమ్మ దృష్టిలో పొట్టకోత అంటే పొట్టకోతే. లోపల్నుంచి బిడ్డ వచ్చిందా, కడుపే వచ్చిందా అన్న తేడా లేదు. కాబట్టి పథ్యం మొదలుపెట్టింది. పప్పు తింటే కుట్టు చీము పడుతుంది. గుడ్డు తిన్నా అంతే. వంకాయ దురద. పోనీ బాలింతలకి పెట్టే సొరచేప పిట్టు అయినా పెట్టమంటే, "అది పాలు పడ్డానికి. నీకేటి పాలు?" అంది. అలాగని చేప అసలు పెట్టలేదని కాదు. వచ్చిన మూడు రోజులకి ఒక గులివింద చేప వేయించి పెట్టింది. చాన్నాళ్ళకి చేప కనిపించేసరికి నమలడం మరిచిపోయి గబగబా మింగాను. అది గుండెల దగ్గర అడ్డం పడింది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారాయి. పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాను. అమ్మ నా వీపు రాస్తూ గజగజా వణికిపోయింది. మర్నాటి నుంచి గంజి.

గంజి హాయిగా జారిపోయేది. ఎక్కడా అడ్డం పడేది కాదు. విశాఖలో మేడమ్ మాట గుర్తొచ్చేది గానీ, బరువు ఎలాగూ తగ్గుతూనే ఉంది కదా అనుకునేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు వచ్చి, "ఓలమ్మ, ఎంత సన్నబడిపోనావే! సినిమావోళ్ళలాగున్నావు" అనేవారు. జన్మలో ఎప్పుడూ వినని మాట. దాని రుచి దానిది. దువ్వెనకి జుట్టు ఉండలు ఉండలుగా వచ్చేది. ఆపరేషనయితే అందరికీ ఊడుతుందిలే అని ఆ ఉండలు చుట్టి కిటికీలోంచి పారేసేదాన్ని. మాత్రలు పలాసలోనే మరిచిపోయి వచ్చాను. తెమ్మని బావకి చెప్దామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

అలాంటప్పుడు కాళ్ళల్లోకి నీరు దిగింది.

మా నాన్న సముద్రం మీద బతికిన మనిషి. తొంభైల చివర్లో, నాకు ఉద్యోగమొచ్చిన కొత్తలో, ఆయన కాళ్ళు వాచాయి. తెప్ప మీద నిలబడి నిలబడి వాచాయనుకున్నాం. తర్వాత వాంతులు, దురద, నోరంతా చేదు. ఆ రోజుల్లో ఆ జబ్బు ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు. నీళ్ళన్నారు, తోటల్లో కొట్టే మందులన్నారు, గాలన్నారు, పూర్వజన్మ పాపమని కూడా అన్నారు. విశాఖలో డాక్టర్లు చూసి కిడ్నీలు దాదాపు పోయాయన్నారు. ఉప్పు తగ్గించండి, పప్పూ మాంసం చేపా బాగా తగ్గించండి, కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండండి అని చెప్పారు. చదువు రాని మా అమ్మ ఆ మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. డాక్టర్లు తగ్గించమన్నవాటిని ఆమె పూర్తిగా మానిపించేసింది. పొద్దున్న రేవులో చేపల వేలంపాటకి నిలబడి, ఊళ్ళమ్మట తిరిగి అమ్ముకొచ్చి, ఒళ్ళంతా చేపల వాసనతో కూర్చుని మా నాన్నకి ఉప్పు లేని దొండకాయ ముద్దలు తినిపించేది. ఏడాది అలా చేసింది. ఆయన వెళ్ళిపోయాడు.

అంత నష్టపోయి నేర్చుకున్న పాఠం అది. ఇప్పుడు నాకు వాడటం మొదలుపెట్టింది. పప్పు, గుడ్డు సరేసరి, చేప మాట ఇంక ఎత్తకూడదు. పెరుగు కూడా ఆపేసింది. దొండకాయలు రెండుసార్లు ఉడికించి, రెండుసార్లూ నీళ్ళు పారబోసి పెట్టేది. గంజిలో ఉప్పు లేదు.

నేను ఎదురు చెప్పలేదు. ఎలా చెప్తాను? నాకూ అదే నమ్మకం. నాన్న కాళ్ళు నా కళ్ళముందే ఉన్నాయి. మంచంలో పడుకుని నా కాళ్ళు చూసుకుంటే అవి ఆయనవే అనిపించేవి. టెస్టు చేయించుకోవాలని తెలుసు. మా వైపు రక్తంలో క్రియాటిన్ ఎంతొచ్చిందని పరీక్ష మార్కులడిగినట్టు అడుగుతారు. అందుకే ఎవరూ తొందరపడి వెళ్ళరు. అంకె తెలియనంతకాలం జబ్బు లేనట్టే. రేపు వెళ్తాననుకున్నాను. అమావాస్య పోనీ అనుకున్నాను. మా ఇంట్లో సెల్లుకి సిగ్నలుండదు, రేవు దిబ్బ మీదకెళ్తే దొరుకుతుంది. ఆ దిబ్బ ఎక్కడం మానేశాను. బావ గొంతు వింటే ఏడ్చేస్తానని నాకు తెలుసు.

రోజూ పొద్దున్న అమ్మ నొక్కేది. గుంట రోజురోజుకీ లోతుగా పడేది. మోకాళ్ళ దాకా వచ్చింది. నీరు పెరిగినకొద్దీ ఆమె తిండి తగ్గించేది, తిండి తగ్గినకొద్దీ నీరు పెరిగేది. తగ్గించడానికి ఏమీ మిగలక, చివరికి గంజిలో మెతుకులు కూడా వడకట్టేసింది. నీళ్ళ చెంబు ఎత్తబోతే చెయ్యి వణికేది. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఎన్నాళ్ళయినా నా ఫోను కలవకపోయేసరికి ఒక ఆదివారం బావ దిగాడు. ఒక చేతిలో గుడ్ల అట్ట, ఇంకో చేతిలో నేను మరిచిపోయిన మాత్రల సంచి. గుమ్మంలో నన్ను చూసి అలాగే నిలబడిపోయాడు.

"అత్తా, ఇదేటి? మనిషా, బొమికల గూడా?"

"కాళ్ళు సూడు బాబూ. మీ మావకొచ్చినాదే వచ్చినాది."

"గుడ్లు ఉడకబెట్టు. ఏటి తినాలో విశాఖలో మేడమ్ సెప్పినాది కదా?"

"ఆ మేడమ్ మీ మావని సూసినాదా?" అమ్మ ఒక్కసారిగా లేచింది. "ఆ గుడ్లు నా ఇంట్లో ఎట్టకు. నీకు పుణ్యముంటాది, బైట ఎట్టు!"

"పెట్టను. తిండి నేక ఇది సచ్చిపోతాది."

"నేదు, నానే సంపేత్తాను!" అమ్మ అరుపుకి పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. "ఒకసారి సంపీసినాను కదా. సేపముక్క, సేపముక్క అని బతిమాలినాడు. సూడనేక చందువా వండి ఒక్క ముక్క ఎట్టినాను. మూడోనాడు పోనాడు. నా సేత్తో ఎట్టినాను బాబూ. మళ్ళీ ఎట్టమంటావా? దీనికి కూడా ఎట్టమంటావా?"

ఆ సంగతి నాకు తెలియదు. అప్పుడు నేను టెక్కలిలో ఉన్నాను. కబురొచ్చాక వచ్చాను. ఇన్నేళ్ళు ఆ ముక్కని గుండెల్లో పెట్టుకుని ఊళ్ళో అందరికీ చేపలమ్ముతోందని నాకు అప్పుడే తెలిసింది. బావ గుడ్ల అట్ట తీసి అరుగు మీద పెట్టాడు. గొంతు తగ్గించి, "టెక్కలి పోదాం. రక్తం ఇద్దాం" అన్నాడు నాతో.

"నేను రాను."

"ఏల?"

"నువ్వేం డాక్టరువా? జీడిబద్దల లెక్కలు రాసుకునేవాడివి, నీకెందుకు?" భయమేస్తే నా నోరు ఇలాగే పేలుతుంది.  కోపంగా లోపలికి పోదామని లేచాను. గడప దాటబోయాను. ఆ తర్వాత నాకు తెలిసింది, నేను నేల మీదున్నానని, నా తల అమ్మ ఒళ్ళో ఉందని. బావ అప్పటికే ఆటో కోసం పరిగెత్తాడు.

టెక్కలిలో రక్తపరీక్ష గది ఉన్న చిన్న ఆసుపత్రి మా ఆఫీసుకి రెండు వీధుల అవతలే. ఆదివారమైనా తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని తల మీదకి కొంగు లాక్కున్నాను. బెంచీ మీద మా ఉద్దానం మనుషులే. ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు పాదాల మీదకి దించుకుని కూర్చున్నారు. అక్కడ అందరికీ తెలిసిన పద్ధతొకటుంది. ఫలితం బాగుంటే డాక్టరు పేషెంటునే పిలిచి చెప్తాడు. బాగోకపోతే తోడొచ్చినవాళ్ళని లోపలికి పిలుస్తాడు. పేరు పిలిచిన ప్రతిసారీ బెంచీ అంతా లోపలికెళ్ళేదెవరా అని చూసేది.

నా వంతొచ్చింది. కాంపౌండరు తలుపు తీసి, "పేషెంటు భర్త ఎవరండీ?" అన్నాడు.

బావ లేచాడు. నా పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎవరో తెలియదు. వదల్లేదు. తలుపు మూసుకుంది. నేను మా నాన్న చనిపోయిన వయసుకి ఇంకా ఎన్నేళ్ళ దూరంలో ఉన్నానో లెక్క వేసుకున్నాను. అమ్మకి ఎలా చెప్పాలి అనుకున్నాను. ఆపరేషనెందుకు చేయించుకున్నాను, లావుగానే చచ్చిపోయుంటే ఏం పోయేది అనుకున్నాను. దేవుళ్ళలో తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ మొక్కాను. చాలాసేపయింది. బావ బయటికొచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఎంత?" అన్నాను.

"కిడ్నీలు బాగున్నాయి."

"అబద్ధం. మరి నిన్నెందుకు పిలిచాడు?"

"ఇంట్లో పెళ్ళానికి అన్నం పెడతన్నావా నేదా అని అడిగినాడు. నన్నో ఎదవని సూసినట్టు సూసి మరీ అడిగినాడు."

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. ముసలమ్మ నా చెయ్యి వదిలేసి, తన కుచ్చెళ్ళు సర్దుకుని, మళ్ళీ తలుపు వైపు చూడసాగింది. ఆమె వంతు ఇంకా రాలేదు. ఆవిడకేమన్నారో తెలుసుకోకుండానే వచ్చేశాం, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మర్నాడు విశాఖ. పెద్ద డాక్టరు చూసి ఆసుపత్రిలో పెట్టుకున్నాడు. సెలైన్లోంచి విటమిన్లు ఎక్కించారు. తిండి మేడమ్ వచ్చి, "ఏం తింటున్నారు?" అంది. "గంజి" అన్నాను. ఆవిడ దుప్పటి తీసి నా కాళ్ళు చూసింది.

"మీ కాళ్ళల్లో నీరు కిడ్నీ వల్ల కాదు. ఆకలి వల్ల. ఒంట్లో ప్రోటీను లేకపోతే రక్తంలో నీళ్ళు నిలబడవు, కాళ్ళల్లోకి దిగిపోతాయి. మీ ఊళ్ళో కిడ్నీ జబ్బువాళ్ళకి మాన్పించేది ఏదో, మీకు సరిగ్గా అదే కావాలి. రెండు వాపులూ చూడ్డానికి ఒకటే. తిండి మాత్రం పూర్తిగా ఎదురు."

అప్పుడు కూర్చుని ఆవిడ మా పల్లె వంటింట్లో ఏముంటుందో ఒక్కొక్కటీ అడిగింది. పొడులూ డబ్బాలూ ఎన్నాళ్ళు కొంటారు, జన్మంతా తినాల్సింది మీ ఊళ్ళో దొరికేదే అయుండాలి అంది. ఎముకలు తీసి మెత్తగా ఉడికించిన చేప. గుడ్డు. మెదిపిన పెసరపప్పు, చారులా కాకుండా గట్టిగా. గుడ్డలో వేలాడగట్టిన పెరుగు. గోరంత ముద్ద పెట్టుకుని, నమిలి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కాసేపాగి మళ్ళీ పెట్టుకోవడం. ఇంక చాలు అని లోపల్నుంచి ఎక్కిళ్ళలాంటిది వస్తే అక్కడితో ఆపెయ్యడం. చిన్నపిల్లకి నేర్పినట్టు నా పక్కన కూర్చుని తినిపించి నేర్పింది. నవ్వడం తెలియదనుకున్నాను గానీ, మొదటిసారి చేపముక్క అడ్డం పడకుండా దిగినప్పుడు నవ్వింది.

ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరుని ఒక్క మాట అడిగాను. ఏడాది పథ్యం చేసిన కిడ్నీ మనిషి చివర్లో ఒక్క చేపముక్క తిని, దానివల్ల చచ్చిపోతాడా అని. ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఎవరికోసం అడుగుతున్నారో గానీ, ఒక్క ముక్కతో ఎవరూ చావరమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ జబ్బు అప్పటికే ముదిరిపోయింది. ఆ ముక్క తినకపోయినా అంతే" అన్నాడు.

పలాసలో దిగాల్సినదాన్ని, దిగకుండా పల్లెకే వెళ్ళాను. బావ రిక్షాలోంచి నన్ను దింపుతుంటే అమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని, అమ్ముడుపోగా మిగిలిన చేపలు బాగుచేస్తోంది. నన్ను చూసి, పొలుసుల చేతులతోనే వచ్చి కాలు నొక్కింది. గుంట పడింది. అంత లోతు లేదు, పూడిపోయింది కూడా. ఆమె నమ్మలేదు. ఇంకోచోట నొక్కింది.

"కిడ్నీలు బాగున్నాయన్నారే" అన్నాను.

"మీ నాన్నకీ ముందల ఏటీ నేదనే అనుకున్నాం."

"చేప తినాలన్నారు. ఈ రోజు నుంచి."

"నాను వండను."

"ఊరందరికీ చేపలమ్ముతావు, కన్న కూతురికి గంజినీళ్ళు పోస్తావు! నేను వండుకుంటాను, లే!" అన్నాను. కత్తిపీట లాక్కోబోయాను. ఆమె వదల్లేదు. ఇద్దరం చెరోవైపూ పట్టుకున్నాం. బావ వచ్చి, చూసి, మళ్ళీ వీధిలోకెళ్ళిపోయాడు.

అప్పుడు చెప్పాను. డాక్టరుని అడిగానని. ఏమడిగానో, ఆయనేమన్నాడో, ఒక్క మాట కూడా కలపకుండా చెప్పాను. అమ్మ చేతులు కత్తిపీట మీద అలాగే ఉండిపోయాయి.

"ఒక్క ముక్కకి సావడా?"

"చావడు."

"పెద్ద డాకటరే అన్నాడా?"

"అన్నాడు. తినకపోయినా అంతే అన్నాడు."

ఇన్నేళ్ళ బరువు దిగిపోతుందని, ఊపిరి పీల్చుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను. అమ్మ ముందున్న చందువాల వైపే చూసింది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"రెండో ముక్క అడిగినాడే గుంటా. సెయ్యి సాపి మరీ అడిగినాడు. నానివ్వనేదు."

పొలుసుల చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మా నాన్న పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.  ఓదార్చడానికి తెచ్చిన మాటే ఆమెని కొత్తగా కోసింది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. 

ఆ సాయంత్రం అమ్మే వండింది. అటక మీంచి ఉప్పు డబ్బా దించి, చిటికెడు మాత్రం వేసింది. పల్చటి చింతపండు పులుసులో చందువా ముక్కలు. నా ముందు కూర్చుని, ముళ్ళు ఒక్కొక్కటీ తీసి, వేలితో మెదిపి చూసి కంచంలో పెట్టింది. నేను గోరంత పెట్టుకుని నమిలాను. ఆమె నా గొంతు వైపే చూస్తోంది, అది దిగేదాకా తన ఊపిరి ఆపుకుని. దిగింది. ఇంకొంచెం తిన్నాను. ఆ ఒక్క ముక్క తినేసరికి పొద్దు గుంకిపోయింది. ఇంక చాలు అని లోపల్నుంచి తెలిసింది. అమ్మ గిన్నెలోంచి ఇంకో ముక్క తీసి కంచంలో వేసింది.

నాకది పట్టదని ఆమెకి తెలుసు. ఎంత పడుతుందో దారి పొడుగునా నాచేత చెప్పించుకున్న బావ ఆమెకీ చెప్పాడు. అయినా వేసింది. నేను వద్దనలేదు, తీయమనలేదు. కంచం ఆమె వైపు జరిపాను.

"నువ్వు తినమ్మా" అన్నాను.

ఇప్పుడు నాకు షుగరు మాత్రలు లేవు. మెట్లెక్కుతాను. పెళ్ళిళ్ళకెళ్తే వడ్డించేవాళ్ళు "అన్నం ముట్టలేదేమండీ, కూరలు బాగోలేదా?" అని నిష్ఠూరాలాడతారు. మేడమ్‌కి ఏడాదికోసారి రక్తం చూపించి వస్తాను. బావ జీడిబద్దలు తేవడం మానలేదు గానీ, నాకు అరచేతిలో నాలుగు వేసి సంచి మూతి కట్టేస్తాడు. పల్లెకెళ్తే అమ్మ ముందు కాలు నొక్కుతుంది, తర్వాత కంచం పెడుతుంది. కంచంలో ఎప్పుడూ రెండు ముక్కలుంటాయి. ఒకటి నేను తింటాను. రెండోది నేను తినలేనని ఆమెకి తెలుసు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, అమ్మ నా కంచం తన ముందుకి లాక్కుని, గోడ వైపు తిరిగి, ఆ ముక్క తింటూ ఉంటుంది.